వరహాలమ్మ కొన్న సిగ్నల్

నేను ఒక వైఫై రౌటర్‌ని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, రెండు కొమ్ములు, ముందువైపు వరసగా నాలుగు పచ్చ దీపాలు. నన్ను చూసి ముచ్చటపడినవాళ్లు లేరు. పనిచేస్తున్నంతకాలం నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. పనిచేయని రోజున మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చి నా ముందు నిలబడతారు. వైరు పీకుతారు, మళ్లీ పెడతారు, నెత్తిన ఒకటి మొడతారు. తమ మాట అవతలికి చేరకపోతే మనుషులకి ఎక్కడలేని కోపం. చేరుతుందేమోనన్న భయం కూడా వాళ్లకే ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఫ్యాక్టరీలో బెల్టు మీద కదిలి వస్తుంటే ఎవరో కొమ్ములు బిగించారు. చివర్లో నీలం టోపీ పెట్టుకున్న ఒకావిడ నా దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసి, ఆవలించి, అట్టపెట్టెలో పెట్టింది. అదే నా బారసాల. ఆ తర్వాత అనకాపల్లిలో ఒక సెల్‌ఫోన్ల కొట్లో, అద్దాల బీరువాలో కూర్చున్నాను.

ఒక ఉదయం వరహాలమ్మ వచ్చింది. నలభై అయిదు దాటిన మనిషి. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది కాబోలు, చీరకి దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"మా చెల్లిది కొండమీద కాలనీ బాబూ, కరెంటు తయారుచేసే చోటు. మాటాడతా ఉంటే మద్దెలో తెగిపోద్ది. ఈమద్దెన అసలు మోగడమే నేదు. దానికేదైనా ఉందేటి?"

"కాలనీకి కేబుల్ నెట్ వచ్చిందాండి?" అని అడిగాడు కొట్టతను.

"వచ్చిందంట. మా మరిది చెప్పేడు."

"అయితే టవరుతో పన్లేదమ్మా. ఇది బిగించి, ఆవిడ ఫోన్లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే సరి. మీరు మామూలు నంబరుకే చేస్తారు, అక్కడ ఇంటర్నెట్ మీద మోగుద్ది. పక్కన కూచున్నట్టు వినిపిస్తాది."

'పక్కన కూచున్నట్టు' అన్న మాట ఆమె తనూ ఒకసారి అంది. తర్వాత నన్ను రెండు చేతులా అందుకుంది.

నర్సీపట్నం దాటి బస్సు ఘాట్ ఎక్కుతున్నంతసేపూ నేను ఆమె ఒళ్లోనే ఉన్నాను. పక్క సీట్లో ఆవిడ "పిల్లలెంతమంది?" అని అడగడం ఆలస్యం, వరహాలమ్మ మొదలుపెట్టింది. ఒక్కతే కూతురు, హైమావతి. ఇంటర్ రెండో ఏడు. జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తెల్లారి ఆసుపత్రికి తీసుకెళ్తే, నిన్ననే తేవాల్సిందన్నారు. ఇంకేముంది, అంతే. పక్కావిడ "అయ్యో తల్లీ" అంది. కాసేపు విన్నది. తర్వాత కిటికీలోంచి చూసింది. ఆ తర్వాత కళ్లు మూసుకుంది. వరహాలమ్మ గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"ఇంట్లో ఆయన దగ్గర ఆ పేరెత్తితే లేచి బయటికెళ్లిపోతాడు. చెల్లితో సెప్పుకుందామంటే ఆ మాయదారి సిగ్నలు" అంది, నా పెట్టెకేసి చూస్తూ.

చెల్లెలి పేరు గౌరీశ్వరి. కాలనీ డిస్పెన్సరీలో నర్సు. భర్త ముత్యాలనాయుడు పవర్‌హౌస్‌లో ఆపరేటరు. అక్క గుమ్మంలోకి రాగానే గౌరి కాళ్లకి నీళ్లిచ్చింది, మంచినీళ్లిచ్చింది, ఆ తర్వాత పెట్టెకేసి చూసింది.

"ఏంటక్కా ఇది?"

"నీకు సిగ్నలు తెచ్చేనే!"

గౌరి ముఖంలో రంగు పోయింది. ముత్యాలనాయుడు భార్యని చూశాడు.

ఎందుకో మీకు చెప్పాలి. ఆ కాలనీ చుట్టూ కొండలు, నడుమ గిన్నెలాంటి లోయ. పెరట్లో బట్టలుతికే బండ దగ్గర నిలబడితే ఒక గీత సిగ్నల్ వచ్చేది. రోడ్డు మీది మలుపుదాకా నడిచి వెళ్తే బాగానే వినపడేది. కాబట్టి 'సిగ్నల్ లేదు' అన్నది మొదట్లో నిజమే. హైమ పోయాక ఆ నిజం గౌరికి అక్కరకొచ్చింది. బండ దగ్గర ఫోనెత్తి, అక్క మాటలు స్పష్టంగా వినపడుతున్నా "హలో... హలో... వినపడట్లేదక్కా" అని పెట్టేసేది. కొన్నాళ్లకి బండ దగ్గరికి వెళ్లడమే మానేసింది. పచ్చి అబద్ధమైతే ఎప్పుడో బయటపడేది. నిజం పునాది మీద కట్టినది కాబట్టి నిలబడింది.

కేబుల్ మనిషి వచ్చి నన్ను ముందుగదిలో టీవీ పక్కన బిగించాడు. గౌరి ఫోన్లోనూ ముత్యాలనాయుడి ఫోన్లోనూ ఏవో నొక్కాడు. వరహాలమ్మ పరీక్ష చేద్దామని రోడ్డు మలుపుదాకా వెళ్లి అక్కణ్ణుంచి చేసింది. "వినపడతందేటే?" "వినపడుతోందక్కా." "ఓలమ్మ, పక్కనే ఉన్నట్టుందే!" ఆమె సంబరం నా గుండానే వెళ్లింది. ఇవతల గౌరి గోడకి ఆనుకుని నేలకేసి చూస్తోంది.

ఉన్న రెండ్రోజులూ అక్క మాట మొదలుపెట్టబోయినప్పుడల్లా గౌరికి ఏదో ఒక పని తగిలింది. డిస్పెన్సరీ, టీకాల క్యాంపు, పొయ్యి మీద పాలు. వరహాలమ్మ చెల్లెలి జాకెట్లు వదులు చేసిపెట్టి, ఎక్కువేమీ మాట్లాడకుండానే బస్సెక్కింది.

తర్వాత నన్ను ఆపడం మొదలైంది. మధ్యాహ్నం వంట పనులయ్యాక వరహాలమ్మ ఫోన్ చేసే వేళకి గౌరి వచ్చి నా స్విచ్చి కట్టేసేది. ఉరుములొస్తున్నాయని, పిడుగు పడితే కాలిపోతుందని భర్తతో చెప్పేది. ఆకాశంలో మబ్బు తునక లేని రోజున కూడా ఆ ఇంట్లో పిడుగు భయమే. దీపాలారితే ఎవరు ఫోన్ చేశారో నాకు తెలియదు. తిరిగి వెలిగాక ఆమె ముఖం చూస్తే తెలిసేది. తప్పించుకున్న మనిషి ముఖం తేలిగ్గా ఉండాలి కదా. ఆమెది ఇంకా బరువెక్కి ఉండేది.

ఒకరోజు ముత్యాలనాయుడు షిఫ్టు నుంచి వచ్చేసరికి నేను ఆరిపోయి ఉన్నాను. ఆయనే వెలిగించాడు.

"కొన్నది ఆవిడ. ఆపేది నువ్వు. ఏటిది గౌరీ?"

"నీకు తెలీదులే."

"తెలిసేట్టు చెప్పు."

గౌరి చీర కుచ్చిళ్లు చేత్తో నలుపుతూ అంది. "ఆ సాయంత్రం ఫోన్లో అక్క నన్నే అడిగింది, ఆసుపత్రికి తీసుకెళ్లనా అని. మాత్ర వేసి తడిగుడ్డ పెట్టు, తెల్లారి చూద్దాం అన్నాను. నర్సుని కదా, నా మాట విన్నది. ఎప్పుడో ఒకరోజు ఆ మాట అంటుంది. అనేదాకా రోజూ వింటూ కూర్చోవాలి. నావల్ల కాదు."

ముత్యాలనాయుడు ఓదార్చలేదు. ఓదార్పు మాటలు ఆయనకి చేతకావు. స్విచ్చి మీద చెయ్యి వేసుకుని అలా నిలబడి ఉన్నాడు.

ఆ ఆదివారం వాన పడుతోంది. భోజనాలయ్యాయి. ఈసారి మోగింది ముత్యాలనాయుడి ఫోన్. ఎత్తి, "ఆఁ వదినా, ఉంది" అని, గిన్నెలు తోముతున్న భార్య తడి చేతిలో పెట్టాడు.

"మీ అక్క. సిగ్నల్ బాగానే ఉంది" అన్నాడు.

నా గుండా వెళ్లే మాటలు నేను వినకూడదు. మా జాతికి అది మర్యాద. ఆ రోజు మాత్రం విన్నాను. తప్పే.

"ఏటే, తిన్నారా? మీకూ వానేనా?" అని వరహాలమ్మ మొదలుపెట్టింది. వానలోంచి కాలేజీకి, కాలేజీలోంచి హైమకి వచ్చింది. ఎప్పుడూ వచ్చే దారే. గౌరి హఠాత్తుగా అడ్డుపడింది.

"అక్కా, ఆ రోజు మాత్ర వెయ్యమన్నది నేను."

లైను తెగిందేమోనని ముత్యాలనాయుడు నా దీపాలకేసి చూశాడు. అన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

"తెలుసునే" అంది వరహాలమ్మ. "మర్చిపోతానేటి? నువ్వన్నావు, నేనేసేను. నీమీద కోపం రానేదని అబద్ధం ఎందుకు? మొదట్లో మా చెడ్డ కోపమొచ్చింది. తర్వాత నామీదొచ్చింది. ఒళ్లు పట్టుకు చూసింది నేను కదా. ఫోన్లో నీకు కనపడదు, నాకు కనపడతంది కదా."

"మరి రోజూ నాకెందుకు చేస్తన్నావక్కా? ఆ మాట అనడానికే అనుకున్నాను."

"కాదే. నిన్నొకటి అడగాలని. ఆ సాయంత్రం నువ్వు చేసినప్పుడు నేను పాలకెళ్లేను. ఫోను అదే తీసింది. నేనొచ్చేసరికి నీతో నవ్వుతా ఉంది. అటుపైన నాతో మాటలు నేవు, మగతే. దానితో ఆఖర్న మాటాడింది నువ్వు. అది నీతో ఏటందే?"

గౌరి వంటింటి గుమ్మంలోనే కూలబడింది. ఆ కొద్దిపాటి మాటలూ తన దగ్గరే ఉండిపోయాయని, వాటికోసమే అక్క ఇన్నాళ్లూ తలుపు కొడుతోందని ఆమెకి అప్పుడే తట్టినట్టుంది. కొంతసేపు ఏడుపే తప్ప ఏమీ పంపలేకపోయాను.

"నువ్వు కుడుతున్న పసుప్పచ్చ లంగా గురించక్కా" అంది చివరికి. "ఆ రంగు దానికి నచ్చలేదట. చెప్తే నువ్వు బాధపడతావని నన్ను చెప్పమంది. 'అది కట్టుకుంటే బంతిపూల దండనుకుని నన్ను దేవుడి మెళ్లో వేసేస్తారు పిన్నీ' అంది."

వరహాలమ్మ నవ్వింది. నిజంగా పగలబడి నవ్వింది. "అలగందా! దొంగపిల్ల! నాతో బాగుందమ్మా అందే!" ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. రెండూ ఒకే తీగ మీద వెళ్తాయి. "ఇంకేటంది?"

"నీ మిరియాల కషాయం గురించి. నన్నొచ్చి కాపాడమంది. అంతే అక్కా. అంతలో నువ్వొచ్చేశావు."

"సరే" అంది వరహాలమ్మ ముక్కు చీదుకుని. "మళ్లీ చెప్పు. మొదట్నించి."

గౌరి మళ్లీ చెప్పింది. తర్వాతి రోజుల్లో కూడా అదే చెప్పింది. కొన్నిసార్లు తనే ఫోన్ చేసి చెప్పింది. నా స్విచ్చి జోలికి ఎవరూ రాలేదు. అంతమాత్రాన ఆమె తేలికపడిందని నేను చెప్పలేను. డిస్పెన్సరీకి ఏ పిల్ల ఒళ్లు వెచ్చబడి వచ్చినా ఇప్పుడు ఒట్టి మాత్రిచ్చి పంపదు. రక్తపరీక్షకి జీపెక్కించి కిందికి పంపుతుంది. కాలనీవాళ్లు విసుక్కుంటారు. నర్సమ్మకి భయమెక్కువైందంటారు. ఆమె ఎదురు చెప్పదు.

మొన్నీమధ్య ముత్యాలనాయుడికి బదిలీ అయింది. కొత్త ఊళ్లో మేడ మీదే టవరుందట, నాతో పనిలేదు. నన్ను కేబుల్ మనిషికిచ్చేశారు. ఇప్పుడు అతని రేకుల షెడ్డులో, కొమ్ములు విరిగిన నా తోటివాళ్ల మధ్య ఉన్నాను. ఎవరు ఎన్ని సినిమాలు మోశారో చెప్పుకుంటూ ఉంటారు. నేను మోసింది చెప్పను.

సామాను సర్దుతున్న రోజున ముత్యాలనాయుడు నా వైరు చుడుతూ అడిగాడు. "మీ అక్క నిన్ను క్షమించేసినట్టేనా?"

గౌరి పాతగుడ్డతో నా మీది దుమ్ము తుడుస్తోంది.

"అడగలేదు" అంది. "అడిగితే అవునంటుంది. అందుకే అడగను."