మాటల్లేని ఇంట్లో సమ్సోను

కాంతమణికీ డేవిడ్ రాజుకీ మాటల్లేక వారం దాటింది. కార్ఖానా ఏరియాలో వాళ్ళ ఫ్లాట్‌లో ఉన్నదే మొగుడూ పెళ్ళాం, ఒక కుక్క. ఇక కబుర్లు ఎవరు మొయ్యాలి? పాపం, కుక్కే మోసింది.

"సమ్సోనూ, రాత్రికి కూరేం చెయ్యాలో అడగరా మీ నాన్నని" అనేది కాంతమణి.

"ఏదో ఒకటి తగలెయ్యమనరా మీ అమ్మని" అనేవాడు డేవిడ్ రాజు, పేపరు చాటునుంచి.

సమ్సోను పేరుకే బలశాలి. చంకలో ఇమిడిపోయే పొమేరియన్. ముసలితనం, పైగా షుగరు. పూటపూటా ఉప్పెయ్యని చికెను, ఉడికించిన సొరకాయ పెట్టి, గిన్నె ఖాళీ అయ్యాక ఇన్సులిన్ సూది వెయ్యాలి. తీపి వాసన తగిలితే చాలు, వాడు పీకి పందిరి వేస్తాడని పంచదార డబ్బా అటకెక్కించారు.

అసలు గొడవ మొదలైందే ఆ సూది దగ్గర. బాపట్లలో కాంతమణి తమ్ముడు కాలేబు కొత్తింటి ప్రతిష్ఠ. "వీడికి సూది ఎవరేస్తారు? నువ్వెళ్ళిరా" అన్నాడు మొగుడు. వెళ్ళింది. "బావగారేరీ?" అన్న ప్రతివాళ్ళకీ కుక్క షుగరు గురించి చెప్పలేక ఆమెకి తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చాక మాట్లాడితే ఒట్టు.

ఆ ఆదివారం పొద్దున్న కాంతమణి సమ్సోనుకి తినిపించి, సూది వేసి, స్నానానికెళ్ళింది. తర్వాత చర్చికి ఆమె దారిన ఆమె, ఆయన దారిన ఆయన వెళ్ళారు. తిరిగొచ్చి తాళం తీస్తుంటే లోపల చప్పుడు లేదు. ఎప్పుడూ వీధి మొదట్లో ఉండగానే అరిచి చంపేవాడు. కాంతమణి తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

సోఫా పక్కన పడున్నాడు సమ్సోను. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పిలిస్తే చెవి కూడా కదల్లేదు.

"అయ్యో నా తండ్రీ!"

వెనకే వచ్చిన డేవిడ్ రాజు కుక్కల డాక్టర్ విష్ణువర్ధన్‌కి ఫోన్ కొట్టి స్పీకర్లో పెట్టాడు.

"పొద్దున్న ఇన్సులిన్ ఇచ్చిందెవరు?" అడిగాడు డాక్టరు.

"నేనే" అంది కాంతమణి.

"నేనే" అన్నాడు డేవిడ్ రాజు.

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఖాళీ గిన్నె చూసి, సూది పడలేదనుకుని, ఆమె స్నానంలో ఉండగా ఆయనా వేశాడు. అడగొచ్చుగా! ఎవర్ని అడుగుతాడు? కుక్కని అడిగే ఉంటాడు.

"డబుల్ డోసా! షుగర్ పూర్తిగా పడిపోయుంటుంది. పంచదార నీళ్ళు చిగుళ్ళకి రాయండి. గొంతులో మాత్రం పొయ్యద్దు. రాస్తూనే క్లినిక్‌కి తెచ్చెయ్యండి, తీసే ఉంచుతాను."

డేవిడ్ రాజు స్టూలెక్కి అటక మీది డబ్బా లాగి, గ్లాసులో పంచదార నీళ్ళు కలిపాడు. కాంతమణి కుక్కని ఎత్తుకుని చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది. రోడ్డు మీద ఆటో దొరికింది.

"ఏమైందమ్మా? బతికే ఉన్నదా?" అన్నాడు ఆటో అతను. "పరేషాన్ కాకున్రి. జెర గట్టిగ పట్టుకోన్రి, ఉరికిస్త."

ఆటోలో డేవిడ్ రాజు కుక్క తల పట్టుకుంటే కాంతమణి పంచదార నీళ్ళు చిగుళ్ళకి రాసింది. చిగుళ్ళు చల్లగా తగిలాయి. మళ్ళీ రాసింది. సూది వేశానని ఒక్క ముక్క అంటే నా నోటి ముత్యాలు రాలిపోయేవా అని తనని తానే తిట్టుకుంది. వీడు పోతే చంపింది షుగరు కాదు, మా ఇద్దరి పంతం. పక్కన ఆయన "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నాడు.

క్లినిక్‌లో ముందుకాలికి గ్లూకోజు ఎక్కించారు. "ఇప్పుడే ఏం చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఇద్దరూ బల్లకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. ఆగడం మంచికో చెడుకో తెలియక కాంతమణి డాక్టరు మొహంలోకి చూసింది.

చాలాసేపటికి సమ్సోను కళ్ళు తెరిచాడు. తల ఎత్తలేక ఎత్తి, ఆమె వేలికంటిన తీపి నాకాడు.

అంతే, కాంతమణి దుఃఖం కట్ట తెగింది.

"మీకసలు బుద్ధుందా! ఇంట్లో మనిషినున్నానుగా, అడిగితే నోరు పడిపోతుందా? తమ్ముడింటికి రమ్మంటే రారు! నలుగురిలో నన్ను ఒంటిదాన్ని చేస్తారు! నేనూ ఒక మొద్దుదాన్ని, చెప్పి చావచ్చుగా..." ఏడుస్తూ తిడుతోంది, తిడుతూ ఏడుస్తోంది.

"మేడమ్, కొంచెం మెల్లగా" అన్నాడు డాక్టరు.

డేవిడ్ రాజు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆపమనకండి సార్. ఇన్నాళ్ళకి నాతో మాట్లాడుతోంది."