జూన్ గిట్టలు

నున్జియో మా అరుగు ఎక్కి, అడక్కుండానే హెటీ కుర్చీలో కూర్చున్నాడు. నా భార్య పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. నేను కూడా.

"ముసలోడా, నువ్వు జీను చట్రాలు చెక్కేవాడివటగా?"

"చెక్కేవాణ్ణి. ఇప్పుడు గుర్రాలెక్కడివి? అందరికీ మోటార్లే."

"అయితే మాకు చెప్పులు చెక్కు. అడుగున ఆవు గిట్ట ఉండాలి. మావాళ్ళు బూట్లకు కట్టుకుని నడిస్తే ఇసకలో ఆవు నడిచినట్టుండాలి."

మద్యనిషేధం వచ్చాక షికాగో నుంచి మా టెక్సస్ ఇసకలోకి దిగిన ముఠా వీళ్ళది. నది అవతల మెక్సికో. అక్కడి సారా రేవు దగ్గర దింపుకుంటారు. బాట వదిలితే ఇసకలో లారీ కదలదు కాబట్టి డబ్బాలు వీపున మోస్తారు. ఎక్కడికి మోస్తున్నారో షెరీఫ్ లైల్ ప్రూయిట్‌కు అంతుపట్టలేదు. ఈమధ్య బూటు జాడలు పట్టుకుని దగ్గరికి వస్తున్నాడు.

"ఆవుకు నాలుగు కాళ్ళు," అన్నాను.

"మావాళ్ళు ఇద్దరిద్దరుగా నడుస్తార్లే!" వాడి వెంట వచ్చినవాడు పగలబడి నవ్వాడు.

"ఫిబ్రవరిలో ఓ సాయంత్రం రేవు దగ్గర డాక్టరు కారు ఆపారు. గుర్తుందా?" అని నున్జియోను అడిగాను.

"సరుకు దిగే రోజు ఎవడొచ్చినా ఆపుతాం తాతా," అన్నాడు నున్జియో. "రోమ్ నుంచి పోపుగారొచ్చినా వెనక్కే."

ఆ డాక్టరు అవతలి ఒడ్డు నుంచి మా ఇంటికే బయల్దేరాడు. తుపాకీ చూపించి వెనక్కి పంపారు. తెల్లారేసరికి హెటీ పోయింది. ఆ కారు ఎవరి కోసం వస్తోందో నున్జియో అప్పుడు అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

"చెక్కుతాను," అన్నాను.

నాకు మిగిలింది ఒక్క ఆవు. పుట్టిన నెల పేరే పెట్టింది హెటీ, జూన్ అని. తల్లి చచ్చిన దూడ అది. సీసాతో పాలు పట్టి బతికించింది. దాని ఎడమ వెనక గిట్టలో రెండు చీలికలూ కత్తెరలా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. కంచె దాటి ఎంత దూరం పోయినా, ఆ గుర్తు చూసి ఎవరో ఒకరు మా ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు. ఇక్కడ గిట్ట గుర్తు సంతకంతో సమానం. షికాగో వాళ్ళు ఆవును కసాయి కొట్టులో వేలాడగా చూసినవాళ్ళు. వాళ్ళకు ఏ ఆవైనా ఒకటే.

జూన్ కాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ చెక్కాను. అది కదలకుండా నిలబడింది. హెటీ తర్వాత నేను చెయ్యి వేసే ప్రాణి అదొక్కటే.

నున్జియో చెప్పు తిప్పి చూశాడు. "ఇదేంటి, వంకరగా ఉంది?"

"ఆవు గిట్ట అలాగే ఉంటుంది."

"నాకు తెలీదా!" అన్నాడు. తెలీదు. ఒప్పుకోవడం నామోషీ.

ఇంకొక్క పని మిగిలింది. జూన్ బతికున్నంత కాలం ఆ గుర్తులు జూన్‌వే అనుకుంటారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక లైల్‌ను ఇంటికి తీసుకొచ్చాను. వాడు చూస్తుండగానే జూన్ నుదుటి మీద పేల్చాను.

"హైరం బాబాయ్! మతి పోయిందా? పాలిచ్చే ఆవు! పిన్ని పెంచిన ఆవు!"

"మేత లేదు. ఒక తొడ నువ్వు తీసుకెళ్ళు."

"నాకొద్దు."

"తీసుకెళ్ళు లైల్. తింటే, చచ్చిపోయిందని గుర్తుంటుంది."

మర్నాడు పొద్దున్నే లేచి పాలచెంబు అందుకున్నాను. మళ్ళీ బోర్లించాను.

ఆ వారంలోనే లైల్ కంచె దగ్గర గుర్రం ఆపాడు. "బాబాయ్, నేను తిన్న ఆవు రేవు దగ్గర నడుస్తోంది."

"అలాగా."

"ఎక్కడా మేతకు ఆగలేదు. తిన్నగా పాత ఉప్పు గిడ్డంగికి పోయింది." నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "పిన్ని ఉంటే దాన్ని చంపనిచ్చేది కాదు."

"ఉంటే చంపే పని లేదు."

వాడు టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. గుర్రం దిగనేలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఉప్పు గిడ్డంగి వైపు నుంచి ముఠావాళ్ళ మరతుపాకుల మోత వినిపించింది. నడుమ లైల్ మనుషుల రైఫిళ్ళు ఒక్కొక్కటిగా, తొందర లేకుండా పలికాయి. చివరికి అవే మిగిలాయి.

ఎండెక్కాక బయటికి వచ్చి చూస్తే, గేటు దగ్గర ఇసకలో జూన్ గుర్తులు. కత్తెర గిట్ట. నీళ్ళ తొట్టి దగ్గర ఆగి, కొట్టంలోకి పోయాయి. సగం దూరం నడిచాక గాని నా చేతిలో పాలచెంబు ఉందని చూసుకోలేదు.

కొట్టంలో గడ్డి మీద నున్జియో పడి ఉన్నాడు. రెండు చేతులతో పొట్ట అదుముకున్నాడు. చెప్పుల తాళ్ళు తడిసి బిగుసుకున్నాయి, విప్పుకోలేకపోయాడు.

"తాతా... డాక్టర్ను పిలిపించు."

"రేవు దగ్గర షెరీఫ్ మనుషులున్నారు. ఎవడొచ్చినా ఆపుతున్నారు."

"డాక్టర్ని కూడానా?"

"పోపుగారొచ్చినా వెనక్కే."

అది తన మాటేనని వాడికి తట్టలేదు. పాలు పితికే పీట వేసుకుని కూర్చున్నాను. వాడు తన భాషలో అమ్మను పిలిచాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆపేశాడు.

సాయంత్రం లైల్ వచ్చి శవాన్ని బండిలో వేయించాడు. అరుగు ఎక్కలేదు. వాడు మా అరుగు ఎక్కడం అంతటితో ఆగిపోయింది. శవం కాలికి ఎడమ చెప్పు లేదు. అదేమైందని అడగలేదు.

కొట్టంలో పలుపు తగిలించే మేకు ఒకటుంది. ఆ చెప్పు దానికి ఉంది.