టాల్‌బట్ ఫెర్రీ కంచరగాడిదలు

మా క్లబ్బు ఇరవై నాలుగేళ్లలో ఒక్క కప్పూ గెలవలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఇక్కడికే వచ్చి, ఏదో దాచిన రహస్యం బయటపెట్టినట్టు మొహం పెడతారు. అవును, గెలవలేదు. అయితే ఏమిటట?

క్లబ్బు పెట్టింది మా ఆయన ఆల్ఫ్. ఇంగ్లండులో ఒక బొగ్గుగనుల ఊళ్లో పుట్టి, వెల్డింగు పనిమీద అమెరికాలోని పెన్సిల్వేనియాకు వచ్చి, నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఉక్కు మిల్లు మూతపడిన ఏడాది, పని పోయి బార్లలో కూర్చున్న పన్నెండుమందిని లాక్కొచ్చి, చర్చి హాలు వెనక కార్లు నిలిపే జాగాలో రగ్బీ లీగ్ నేర్పాడు. జట్టుకు కావాల్సిన పదమూడోవాడు తనే. మా మగాళ్లకు ఉగ్గుపాలతో వచ్చింది ఫుట్‌బాల్. తలకు హెల్మెట్, భుజాలకు దిళ్లు తగిలించుకుని, రెండడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ ఆడే ఆట. అవేవీ లేకుండా ఎనభై నిమిషాలు పరిగెత్తమంటే మొదట నవ్వారు. తర్వాత కక్కుకున్నారు. మరుసటి వారం మళ్లీ వచ్చారు. వెనకటికి మా నదిమీద పడవలను ఒడ్డునుంచి లాగింది కంచరగాడిదలు కాబట్టి జట్టుకు ఆ పేరే పెట్టుకున్నారు.

ఆల్ఫ్ పోయి మూడేళ్లు. అప్పటినుంచి కాగితాల పని, జెర్సీలు ఉతికే పని, ఆదివారాలు అందరికీ ఫోన్లు చేసి తిట్టే పని నాదే. పిల్లలు లేరు. ఆయనదంటూ నాకు మిగిలింది ఈ క్లబ్బు ఒక్కటే.

కిందటి ఏడు వసంతంలో లీగ్ కమిటీనుంచి ఉత్తరం వచ్చింది. ఒక సీజనులో రెండుసార్లు ఆట వదులుకున్న క్లబ్బును జాబితాలోంచి తీసేస్తారట, దాని ఆటగాళ్లను దగ్గర్లోని పెద్ద క్లబ్బుకు రెండో జట్టుగా కలిపేస్తారట. మేం అప్పటికే ఒకటి వదులుకున్నాం. మా వ్యాను హైవే మీద మొరాయించి, మేం చేరేసరికి అవతలివాళ్లు స్నానాలు కూడా చేసేశారు. కాబట్టి ఇంకొక్కటి పోతే మా పని అయిపోయినట్టే. ఆట మొదలెట్టడానికి కనీసం పదకొండుమంది ఉండాలి. ఆట మధ్యలో మైదానంలో తొమ్మిదిమందికన్నా తక్కువైతే అక్కడితో ఆపేసి, వదులుకున్నట్టే రాస్తారు.

ఆగస్టులో చివరి ఆట. సముద్రం ఒడ్డు పట్నంనుంచి హార్బర్ క్లబ్బు ఇరవై రెండుమందితో దిగింది. అందులో ముగ్గురు ఆస్ట్రేలియావాళ్లు. మేం కలవాల్సిన పెద్ద క్లబ్బు అదే. వాళ్లతోపాటు కమిటీ మనిషి ప్రెంటిస్ ఓక్లీ, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, చేతిలో కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని వచ్చాడు. చావుకు ముందే పాడె కొలతలు తీసుకోవడానికి వచ్చినట్టుంది నాకు.

మాకు ఉన్నది పదిమంది. ఇద్దరికి గిడ్డంగిలో సెలవు దొరకలేదు, ఒకడి పెళ్లాం నెప్పులు పడుతోంది. మా కెప్టెన్ ఎమిల్ డుడా ఉత్తరాలు పంచే మనిషి, ఊళ్లో ప్రతి గుమ్మమూ తెలుసు. ఆ పొద్దున డోనట్ల కొట్టు దగ్గర క్లీట్ బార్కస్‌ని పట్టుకున్నాడు. క్లీట్ ఇళ్ల కప్పులు వేస్తాడు, ముప్ఫై ఎనిమిదేళ్లు, బడి రోజుల్లో ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు. మా ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఎమిల్ అతనికి ఇరవై నిమిషాలు నేర్పాడు. బంతిని వెనక్కే విసరాలి. పడగొడితే లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టాలి. ఆరుసార్లు పడ్డాక బంతి అవతలివాళ్లది. క్లీట్ అన్నిటికీ తలూపాడు.

హార్బర్ కోచ్ మర్యాదగానే వచ్చి ఇద్దరిని అరువిస్తానన్నాడు. ఈ ఆటలో అది మామూలే. అవతల మనుషులు తక్కువైతే ఆల్ఫ్ కూడా ఎన్నోసార్లు ఇచ్చాడు. కానీ అరువు మనుషులతో ఆడితే సరదా ఆట కింద లెక్క, పుస్తకంలో మాత్రం వదులుకున్నట్టే రాస్తారు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఎమిల్ అతనితో చెయ్యి కలిపి, పదకొండుమందితోనే ఆడతామన్నాడు.

సగం ఆటకి ముప్ఫై నాలుగు, సున్నా. సున్నా ఎవరిదో చెప్పక్కర్లేదు. ఒకడికి మోకాలు తిరిగింది. ఇంకొకడు తలకు దెబ్బ తగిలి, ఇవాళ ఏ వారమని నన్నే అడిగాడు. ఇద్దరినీ కూర్చోబెట్టేశాను. తొమ్మిదిమంది మిగిలారు. అరవయ్యో నిమిషంలో ఒక ఆస్ట్రేలియావాడు ఎమిల్‌ని నేలకేసి కొట్టాడు. తప్పేం లేదు, శుభ్రమైన పట్టే. కానీ విరిగిన చప్పుడు నాకు గీత బయటికి వినిపించింది.

నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తాను. మెడకింద ఎముక చర్మాన్ని పైకి తోస్తోంది. నాకు సిగ్గేసింది. చచ్చిపోయిన నా మొగుడి క్లబ్బు కోసం ఇంకో ఆడదాని మొగుడి ఎముకలు విరగ్గొడుతున్నానే అనిపించింది. క్లబ్బు పోతే పోయిందని, బయటికి రమ్మని చెప్పాను.

"మిసెస్ హెచ్," అన్నాడు ఎమిల్ పళ్లు బిగబట్టి, "మీరొచ్చింది నీళ్లివ్వడానికి. ఇచ్చేసి వెళ్లండి."

"గాడిదా, చెయ్యి పోతుందిరా."

"చెయ్యే కదా. ఉత్తరాలు రెండో చేత్తో పంచుతా. ఈ జెర్సీలోపల దీన్ని గట్టిగా కట్టండి."

కట్టాను. ఇంకేం చెయ్యను? మొండివాడు రాజుకన్నా బలవంతుడు. వాడు అంచుకు వెళ్లి నిలబడ్డాడు. హార్బర్‌వాళ్లు అటువైపే ఆడటం మొదలెట్టారు. వాడు ఒంటిచేత్తోనే వాళ్ల కాళ్లకు అడ్డం పడ్డాడు.

ఆట ఇంకో ఏడు నిమిషాలుందనగా హార్బర్‌వాడు బంతి జారవిడిచాడు. క్లీట్ దాన్ని అందుకుని పరుగు తీశాడు. అంత లావు మనిషిలో ఆ పరుగు ఎక్కడ దాక్కుందో తెలియదు. అరవై మీటర్లు, వెనక ఎవరూ అందుకోలేదు. కుర్చీ తన్నేసి లేచాను. క్లీట్ చివరి గీత దాటాడు, వేగం తగ్గించాడు, వెనక్కి తిరిగాడు, ఆయాసపడుతూ వచ్చిన రిఫరీ చేతిలో బంతిని మర్యాదగా పెట్టాడు.

బడి ఫుట్‌బాల్‌లో మా ఊరి పిల్లలకు నేర్పే పెద్దమనిషి తరహా అదే. గీత దాటితే చాలు, గంతులెయ్యకు, బంతి రిఫరీకిచ్చి వచ్చెయ్. మా ఆటలో గీత దాటడం కాదు, బంతిని నేలకు ఆనించి నొక్కితేనే ట్రై, అప్పుడే పాయింట్లు. అది చెప్పాల్సిన విషయమని ఎమిల్‌కి తట్టలేదు, అడగాల్సిన విషయమని క్లీట్‌కి తట్టలేదు. రిఫరీ పాపం చేతిలో బంతి వంక చూసుకుని, ట్రై కాదని తల అడ్డంగా ఊపాడు. హార్బర్‌వాళ్లు కొందరు పొట్టలు పట్టుకుని కూర్చుండిపోయారు.

ఎమిల్ మెల్లగా క్లీట్ దగ్గరికి వెళ్లాడు. తప్పు తనదేనని, నేలకు ఆనించాలని చెప్పనేలేదని అన్నాడట. క్లీట్ ఇంకెంతసేపుందని అడిగాడట. ఏడు నిమిషాలంటే, సరే పద అన్నాడట. ఆ ఏడు నిమిషాలూ ఆ మనిషి కనిపించినవాడినల్లా పడగొట్టాడు. అయినా ఇంకో రెండు ట్రైలు మా మీద పడ్డాయి. విజిల్ పడేసరికి అరవై రెండు, సున్నా.

ఓక్లీ అట్టతో నా దగ్గరికి వచ్చి, మేడమ్, బాధగానే ఉందన్నాడు. అరవయ్యో నిమిషంనుంచి మీ కెప్టెన్ ఆడే స్థితిలో లేడు, ఊరికే స్తంభంలా నిల్చున్నాడు, కాబట్టి మైదానంలో ఉన్నది ఎనిమిదిమందే, వదులుకున్నట్టే రాయాలి అన్నాడు. కలం అప్పటికే కాగితం మీద ఉంది.

నేను ఆ కలం లాక్కున్నాను. నా వయసు అరవై రెండు, ఎవరి చేతిలోంచి ఏదీ లాక్కోవడం అదే మొదటిసారి. మా వాళ్లు గడ్డిమీద ఎక్కడివాళ్లక్కడ పడున్నారు. లేవండ్రా అని అరిచాను. లేచారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గీతమీద వరసగా నిలబడ్డారు.

"లెక్కపెట్టండి," అన్నాను.

ఓక్లీ కళ్లతో లెక్కపెట్టాడు.

"అలా కాదు, నోటితో."

ఒకటి, రెండు అంటూ మొదలెట్టాడు. ఎనిమిదోవాడు క్లీట్. చివర ఎమిల్, మొహం పాలిపోయి, చెయ్యి జెర్సీలో. ఓక్లీ అక్కడ ఆగి, ఇతని సంగతే నేను చెబుతున్నది అన్నాడు.

వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎమిల్ ఎముక విరిచిన ఆస్ట్రేలియావాడే, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇతను ఆడలేదంటే ఎలాగండీ," అన్నాడు. "ఆ ఎముక విరిగాక నన్ను రెండుసార్లు కింద పడేశాడు."

ఓక్లీ అతని వంక చూశాడు, హార్బర్ కోచ్ వంక చూశాడు. కోచ్ నేల చూపులు చూస్తున్నాడు.

"తొమ్మిది," అన్నాడు ఓక్లీ.

కలం వెనక్కిచ్చాను. అతను రాసి, సంతకం చేసేదాకా అక్కడినుంచి కదలలేదు.