లోపల వదిలిన మధ్యాహ్నం

వర్ధని పిన్నికి ఆమె రోజు పొట్టిదైపోయింది. శివరాత్రికి పాదాల దాకా వచ్చేది, ఇప్పుడు మోకాళ్లు కూడా కప్పడం లేదు. కుర్చీలో కాళ్లు ముడుచుకుని అందులోనే సర్దుకుని కూర్చుంటోంది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. నాకు కుట్టు నేర్పింది ఆవిడే. తెనాలిలో మా ఇంటి వసారాలో నేను జాకెట్లు కుడతాను, పిన్ని లోపలి గదిలో ఉంటుంది. మా చెల్లెలు మనిషిని చేసుకోలేదు, మిషన్ని చేసుకుంది అని అమ్మ ఎగతాళి చేసేది. పిన్ని కూడా నవ్వేది, మిషను తొక్కడం మాత్రం ఆపేది కాదు.

రోజు పొట్టిదైతే వచ్చే చిక్కంతా భోజనం దగ్గరే. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. నా కంచం మీద మిట్టమధ్యాహ్నం ఎండ ఉంటుంది. పిన్ని పప్పు కలుపుకునేటప్పుడు ఆమె వైపు కూడా ఎండే. కూర అయ్యేసరికి అటువైపు నీడలు సాగుతాయి. చారు పోసుకునేసరికి ఆమె కుర్చీ చుట్టూ పొద్దు గూకిపోతుంది, దోమలు కూడా వస్తాయి. పిన్ని చెయ్యి కడిగేసుకుంటుంది. పెరుగు గిన్నె నా వైపు ఎండలో అలాగే ఉండిపోతుంది.

పెరుగు ముందే వడ్డిస్తానని నేను చెప్పి చూశాను. పిన్ని ఒప్పుకోలేదు. ముందు తింటే అది పెరుగన్నం కాదట, జ్వరం వచ్చినవాళ్ల పథ్యమట.

పిన్ని జీవితంలో ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. ఇవాళ చీకట్లోంచి నా చెయ్యి పట్టుకుంటుంది.

"హైమా, ఒక్కపూట పెరుగు దాకా తినాలని ఉందే."

నేను సరేనంటాను. ఇంత చిన్న కోరిక తీర్చలేకపోతే నేను నేర్చుకున్న కుట్టెందుకు?

నా రోజులోంచి కోసి ఇవ్వడం కుదిరేలా లేదు. అరవైకి దగ్గర పడ్డాను, నాదీ కురచవుతోంది. వారాలు ఒకదానికొకటి అంటుకుపోయి వస్తున్నాయి, సోమవారం లాగితే గురువారం ఊడి చేతికొస్తుంది. ఉగాది పచ్చడి చేదు నాలుక మీంచి పోకముందే వినాయకుడి పత్రి అమ్మేవాళ్లు వీధిలోకి వచ్చేస్తున్నారు. అయినా ఒక అంచు చించి పిన్నికి పట్టి చూశాను. దాని నిండా ఇస్త్రీ వాసన, తొందరపెట్టే ఆడవాళ్ల గొంతులు. అందులో కూర్చుని ఎవరూ స్థిమితంగా తినలేరు.

ఇంట్లో ఇంకొకరి దగ్గర కావలసినంత ఉంది. మిహిర నా మనవరాలు. ఇంకా బడికి అలవాటు పడని వయసు. వేసవి సెలవులు కాబట్టి మా అమ్మాయి ఆఫీసుకు వెళ్తూ ఇక్కడ దింపి వెళ్తుంది. దాని మధ్యాహ్నం గుడ్డల దుకాణంలో విప్పిన తానులా గదంతా పరుచుకుని, పెరటి గుమ్మం దాటి, కాలువ వంతెన మీదుగా పోతూ ఉంటుంది. కొండవీటి చాంతాడంటే ఇదే. పిల్ల ఈ కొసన కూర్చుని, సాయంత్రం అయిందా అని నన్ను అడుగుతుంది. కాలేదంటాను. కాసేపు దాని మీద బోర్లా పడుకుని లేచి మళ్లీ అడుగుతుంది.

తాతమ్మకు ఒక ముక్క కావాలి, కోసుకోనా అని అడుగుతాను.

మిహిర ఆలోచిస్తుంది. ఒంటి మీది గౌను అంచు నలుపుతూ చాలాసేపు ఆలోచిస్తుంది. ఆ చాలాసేపు నాకు రెప్పపాటే.

"తీసుకో అమ్మమ్మా. కానీ మధ్యలోంచి తియ్యి. చివర్లో అమ్మ ఉంటుంది."

న్యాయమైన మాట. మధ్యలో, కాలువ ఇవతల, మంచి తెల్లటి ఎండ ఉన్నచోట కత్తెర పెడతాను. బట్ట కొత్తది, గంజితో బిగువుగా ఉంది. రెండు కొసలూ కలిపి పిల్లకు ఒక కుట్టు వేసిస్తాను. కోసిన ముక్కను పిన్ని రోజు అంచుకు జతచేస్తాను. ఎండ పిన్ని పాదాల దాకా దిగుతుంది. ఆవిడ కాళ్లు చాపుకుని వేళ్లు ఆడిస్తుంది. ఆ వేళ్లు చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

పప్పవుతుంది. కూరవుతుంది. చారు కూడా పూర్తవుతుంది, ఎండ చెక్కుచెదరలేదు. నేను పెరుగు గిన్నె మీద మూత తీస్తాను. పిన్ని గబుక్కున చెయ్యి చాపుతుంది, మంచినీళ్ల గ్లాసు ఆమె ఒళ్లో ఒలికిపోతుంది.

తడి తగలగానే ఆ మధ్యాహ్నం ముడుచుకుంటుంది. ముడుచుకుని పాత బట్టను కూడా పైకి లాగేస్తుంది. పిన్ని చుట్టూ ఒక్కసారిగా చీకటి పడుతుంది.

చీకట్లోనే పిన్ని వేళ్లతో కుట్టు తడుముతుంది.

"తడిపి ఆరేశావా?"

లేదంటాను. కొత్త నూలుబట్ట రాత్రంతా నానబెట్టి, ఆరేసి, అప్పుడు కత్తెర పెట్టాలి. ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది ఈవిడే. ఊళ్లో ఆడపిల్లలకు నేను చెబుతున్నదీ ఇదే. చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం అని ఊరికే అన్నారా. పిన్ని నన్ను తిట్టదు. నా చెంప మీద ఒక్కటి వేస్తుంది, మెత్తగా, నేర్చుకునే రోజుల్లో వేసినట్టే.

ఇప్పుడు పిన్ని రోజు జేబురుమాలంత మిగిలింది. లేస్తుంది, నాలుగు పప్పు మెతుకులు తింటుంది, పొద్దు గూకుతుంది. హైమా అని పిలుస్తుంది గాని ఎందుకు పిలిచిందో చెప్పే వ్యవధి ఉండదు. మళ్లీ లేచినప్పుడు ఆ మాట పాతదైపోతుంది. నాకు భయం వేస్తుంది. పిల్ల దగ్గర ఇంకో ముక్క కోసి నానబెట్టవచ్చు. అది నాని ఆరేలోగా పిన్నికి ఎన్ని రాత్రులు గడుస్తాయో తెలియదు. ఈలోగా ఆ జేబురుమాలు కూడా దారాలైపోతే నేనేం చెయ్యను? పెరుగు గిన్నె ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోతాను.

మిహిర వచ్చి నా ముందు నిలబడుతుంది. వీపు గోక్కుంటూ, ఈ గౌను లోపల ఏదో బరువుగా ఉందని చెబుతుంది.

అది నా గౌను. నేను దాని ఈడులో ఉన్నప్పుడు పిన్ని కుట్టింది. పొద్దున మిహిర పెట్టెలోంచి తీసి ఆడుకోవడానికి తొడుక్కుంది. పిన్నికి ఒక అలవాటు ఉండేది. పిల్లల బట్టలు కుడితే పక్కకుట్టు లోపల బెత్తెడు బట్ట వదిలేది, అంచు లోపల ఇంకో బెత్తెడు మడిచేది. బట్టంతా లోపలే పెట్టేశావు, పైకేం మిగిలింది అని తల్లులు దెబ్బలాడేవారు. పిల్ల ఎదగదా, అప్పుడు విప్పుకో అనేది పిన్ని. ఆ ఏడు నేను తాటిచెట్టులా ఎదిగిపోయాను. విప్పి వదులు చేసే తీరిక కూడా ఇవ్వలేదట. గౌను అలాగే పెట్టెలోకి వెళ్లిపోయింది.

గౌను విప్పించి కుట్టు ఊడదీస్తాను. లోపలినుంచి నా చిన్నప్పటి మధ్యాహ్నం జారుతుంది. జారుతూనే ఉంటుంది. మొదట ఐసుబండి గంట వస్తుంది, తరవాత కిరసనాయిలు పొయ్యి వాసన, ఆ వెనక నల్లటి జడతో మిషను తొక్కుతున్న పిన్ని మడమలు. రంగు వెలిసింది గాని ఎక్కడా చిరగలేదు. ఎన్నోసార్లు ఉతికిన బట్ట, మెత్తగా ఉంది. ఇది ఇంకెక్కడికీ ముడుచుకోదు.

సూది బెజ్జం నా కంటికి ఆనదు. దారం మిహిర ఎక్కిస్తుంది. నేను చేతికుట్టే వేస్తాను, ఈసారి మిషన్ని నమ్మను. కుట్టు పూర్తయ్యేసరికి పిన్ని కళ్లు తెరుస్తుంది. ఆవిడ పాదాల దాకా ఎండ, గోడ దాకా ఎండ. పిన్ని ఆ బట్టను వేళ్లతో రాసి చూస్తుంది.

ఇది తన కుట్టేనంటుంది. అవునంటాను.

పిన్ని తింటుంది. పప్పు తింటుంది, కూర తింటుంది, చారు రెండుసార్లు పోయించుకుంటుంది. నేను పెరుగు వేస్తాను. తొందరేం లేదు అన్నట్టు మెతుకు మెతుకూ చిదుముతూ కలుపుతుంది. మామిడిపండు పిండుకుంటుంది. బంగినపల్లి వద్దని చిన్నరసం అడిగి మరీ వేయించుకుంటుంది. ఐసుబండి గంట మోగుతున్నంతసేపూ టెంక చీకుతుంది. రసం మోచేతి దాకా కారితే మోచెయ్యి కూడా నాకుతుంది. మిహిర పక్కనే కూర్చుని తన టెంకతో పోటీ పడుతుంది. వాళ్లిద్దరినీ చూస్తుంటే నా కడుపు నిండిపోతుంది. పిన్ని అంటే నాకు ఎంతిష్టమో నేనెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పిన్ని వింటూ ఇంకో గరిటె పెరుగు వేయించుకుంటుంది.

చివరికి కంచం ఊడ్చి వేళ్లు నాకుతుంది. ఇప్పుడు అన్నం తిన్నట్టుంది అంటుంది.

ఇంకా కొంత మధ్యాహ్నం మిగిలింది. నీ సాయంత్రానికి అతికించనా అని అడుగుతాను. పిన్ని తల అడ్డంగా ఊపి, ఆ మిగిలిన ముక్కను తనే కోస్తుంది. నా జాకెట్టు పక్కకుట్టు విప్పి లోపలికి మడుస్తుంది.

"లోపల వదులుతున్నాను. ఎదిగే పిల్లవి."

నాకు మనవరాలుందని గుర్తు చేస్తాను.

"ఉంటే? ఎదగవా ఏం? చేతులెత్తు, కొలత చూస్తాను."

చేతులు ఎత్తుతాను. పిన్ని టేపు మొదలు నా గుండె మీద పెట్టి బొటనవేలితో నొక్కుతుంది. రెండో కొస మిహిరకు ఇచ్చి, అమ్మమ్మ చుట్టూ తిరిగి రమ్మంటుంది. పిల్ల నా వీపు వెనక్కి వెళ్తుంది. పెరటి గుమ్మం దాటుతుంది. వెనక్కి తిరిగి చూస్తే కాలువ వంతెన మీద చిన్నగా కనిపిస్తుంది, టేపు పట్టుకుని పరుగెడుతూ, తన మధ్యాహ్నంలోకి.

టేపు నా ఒంటిని రాసుకుంటూ సాగుతోంది. అంకెలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు దాని మీద వరసగా మామిడి పిందెలు కాస్తున్నాయి. పిన్ని వైపు పొద్దు గూకింది, కుర్చీ కనిపించడం లేదు, ఆవిడా కనిపించడం లేదు. ఆ బొటనవేలు మాత్రం నా గుండె మీద నొక్కి పట్టుకునే ఉంది, ఇంకా మామిడిపండు వాసన వేస్తోంది.

నేను చేతులు దించను. పిల్ల ఇంకా చుట్టి రాలేదు.