తిరిగొచ్చే చెక్క

సరుకు రెండు రకాలు. చూడగానే కొనేది ఒకటి, వాడి చూపిస్తే తప్ప కొననిది ఇంకొకటి. బూమరాంగ్ రెండో రకం. విసిరి చూపించలేనివాడి దగ్గర అది ఉత్త వంకర చెక్క. ఇది తెలిసి కూడా దాన్ని మొదటి రకం సరుకులా అమ్మబోయాను. ఆ తొందర నా చెక్కల జాగా మీదికి తెచ్చింది.

బెంగాలు రేవు గార్డెన్ రీచ్‌లో ఓడల డాకు గేటు దగ్గర నాది చెక్కల దుకాణం. ఓడల్లో సరుకు కింద పరిచే బల్లలూ, పెట్టెలు విప్పగా వచ్చిన ప్లైవుడ్డూ, పాత తాళ్లూ కొని అమ్ముతాను. దుకాణం ఎంతంటే, మనిషి పడుకుంటే కాళ్లు రోడ్డు మీదికి వస్తాయి. అసలు వ్యాపారమంతా దాని వెనక, క్లబ్బు మైదానం అంచున పేర్చుకున్న దొంతరలో ఉండేది. ఆ జాగాకు కాగితం లేదు. క్లబ్బు సెక్రెటరీ నిఖిలేశ్ దా "ఉండనీ" అన్నాడు కనక ఉంది, "తియ్" అంటే తియ్యాలి. క్లబ్బు గోడ మీద ఎర్ర రంగుతో సుత్తీ కొడవలీ ఉండేవి. ఆ వీధిలో నిఖిలేశ్ దా మాటకు పై మాట లేదు. దొంతర పోతే నాకు మిగిలేది కాళ్లు పట్టని దుకాణమే.

ఆ చలికాలం గోధుమల ఓడ మీద వచ్చిన ఆస్ట్రేలియా నావికుడొకడు నా దగ్గర తాడు తీసుకుని, బదులుగా బూమరాంగ్ ఇచ్చాడు. మైదానంలోకి తీసుకెళ్లి సైగలతో నేర్పాడు. బల్లపరుపు వైపు అరచేతికి ఆనించి పట్టుకోవాలి. నిలువుగా, కొంచెం బయటికి వాల్చాలి. గాలి ఎదురుగా వస్తుంటే దాని ముఖాన కాకుండా కాస్త కుడికి, కంటి ఎత్తున విసరాలి. బలం భుజానిది కాదు, ఆఖర్న మణికట్టు ఇచ్చే విదిలింపుది. ఓడ వెళ్లిపోయాక నేను తెల్లవారుజామున ఒక్కడినే విసురుకునేవాణ్ని. మొదట్లో అది నేలలో గుచ్చుకునేది. తరవాత తిరగడం మొదలుపెట్టింది గానీ నాకు దూరంగా పడేది. ఒక పొద్దున ఎడమవైపు నుంచి చుట్టి వచ్చి, నా ఛాతీ ఎదుట గద్దలా నిలిచింది. రెండు అరచేతులూ పైనొకటి కిందొకటి చరిచి మధ్యన పట్టుకున్నాను. చేతులు మంటెత్తిపోయాయి. ఆ మంట తగ్గకముందే, దీన్ని రథయాత్ర మేళాలో ఎలా అమ్మాలా అని ఆలోచిస్తున్నాను.

దాన్ని చూసి నమూనా గీసుకున్నాను. మా వడ్రంగి గవరయ్య ప్లైవుడ్ కోసి, అంచులు అరగదీసి ఒక సంచి నిండా చేశాడు. నమూనా చేతిలో ఉంది కదా అని అసలుదాన్ని త్యాగరాజు గారనే పోర్టు ఆఫీసరుకు అమ్మేశాను. ఆయన బదిలీ మీద విశాఖ వెళ్తూ దాన్నీ సామానులో కట్టుకుపోయాడు. కొత్తవాటిని ఒక్కసారైనా విసిరి చూడకుండా దుకాణం ముందు వేలాడదీశాను.

మొదటిది కొన్న క్రేను ఆపరేటరు ఆ సాయంత్రమే మైదానంలో విసిరాడు. అది వంగలేదు. పక్కకు వాలి, ఏటవాలుగా దూసుకుపోయి, పిచ్ మీద రోలరు లాగుతున్న తపన్ కనుబొమ చీల్చింది. తపన్ నిఖిలేశ్ దా తమ్ముడు.

మర్నాడు నిఖిలేశ్ దా దుకాణానికి వచ్చాడు. కోపంగా లేడు, అందుకే నాకు భయం వేసింది. నా పేరు వెంకటరత్నం గానీ అక్కడందరికీ నేను రతన్ దానే, అంటే రతన్ అన్ననే.

"రతన్ దా, నీ చెక్క విసిరినవాడి దగ్గరికే వస్తుందని చెప్పి అమ్మావట?"

"వస్తుంది దాదా. ఆయనకు విసరడం రాక..."

"నీకు వచ్చు కదా?"

"వచ్చు."

"అయితే ఆదివారం మైదానం మధ్యన సున్నంతో గిరి గీయిస్తాను. అందులో నిలబడి విసురు. చేతికొచ్చిందా, నీ దొంతర ఉంటుంది. రాలేదా, సోమవారం లారీ మాట్లాడుకో. తపన్ కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. అది మర్చిపోకు."

సరేనన్నాను. నాకు వచ్చిన విద్యే కదా, పందెంలో నష్టం లేదని లెక్క వేసుకున్నాను.

మర్నాడు తెల్లవారకుండానే సంచిలోంచి ఒకటి తీసి విసిరాను. రెండు తాటిచెట్ల దూరం పోయి గడ్డిలో పడింది. ఇంకోటి తీశాను. అదీ అంతే. వాల్పు మార్చాను, గాలికి అటు నిలబడ్డాను, ఇటు నిలబడ్డాను. ఒక్కటి కూడా వెనక్కి చూడలేదు. వంటికి చెమట పట్టింది. నేరుగా గవరయ్య ఇంటికి వెళ్లి మీద పడ్డాను.

"నీ గీత మీదే కోసాను బాబూ," అన్నాడు గవరయ్య. "ఏ అంచు మందమో, ఏ అంచు పల్చనో నువ్వే రాసిచ్చినావు. మధ్యలో నన్నంటావేటి?"

శుక్రవారం దాకా అదే వరస. చెయ్యి బరువెక్కింది, అన్నం సయించలేదు. శనివారం పొద్దున నా భార్య దాలమ్మ టీ గిన్నెతో మైదానానికి వచ్చింది. దూరంగా పడ్డ చెక్కలు ఏరుతూ, మొయ్యడం విసుగొచ్చి, అక్కణ్నించే ఒకటి నావైపు విసిరింది. ఎడం చేత్తో. దాలమ్మది పుట్టుకనుంచీ ఎడమవాటం. ఎడం చేత్తో చిల్లర ఇస్తే కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారని నేను ఆమెను గల్లాపెట్టె దగ్గర కూర్చోనిచ్చేవాణ్ని కాదు. వెనక తాళ్లు చుట్టడమే ఆమె పని.

ఆ చెక్క నాదాకా రాలేదు. గాల్లో వంగి, గుండ్రంగా తిరిగి ఆమె మీదికే పోయింది. దాలమ్మ కింద కూలబడింది.

"ఓలమ్మో! నన్నే కొట్టడానికొచ్చీసిందేటి మావా!"

పరుగెత్తి ఆ చెక్కను తీసి అటూ ఇటూ తిప్పాను. తప్పు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. ప్లైవుడ్ వ్యాపారంలో మంచి ముఖం మీద, అంటే నునుపు వైపున, ఎవరూ పెన్సిల్ పెట్టరు. మరక పడితే రేటు పడిపోతుంది. అలవాటు కొద్దీ నమూనానూ, అంచుల గుర్తులనూ బల్ల వెనకవైపు గీశాను. గవరయ్య తిప్పి మంచి ముఖాన్ని చెక్కాడు. దాంతో కుడి ఎడమైపోయింది. అద్దంలో మనిషికి గడియారం రెండో చేతికి కనిపించినట్టు, సంచిలో ఉన్నవన్నీ ఎడమచేతివే.

నేను ఎడం చేత్తో విసిరి చూశాను. నా కాలి దగ్గరే పడింది. కొత్తవి చేయించడానికి వ్యవధి లేదు, చేయించినా రేపటిలోగా పరీక్షించుకోలేను. దాలమ్మ వైపు చూశాను.

"నాను ఇసరాలా? అంతమంది మగోళ్ల ముందరా?"

"దొంతర పోతే తినేది ఏమిటే?"

"ఎడం సేత్తో ఇత్తే దరిద్రం అన్నావు గదేటి. ఇయ్యాల దరిద్రం ఏ ఊరెల్లింది?"

నేను టీ తాగాను. ఆమె కొంగు బిగించింది. ఎండ ముదిరేదాకా నేర్పాను. ఎడమచేతికి గాలికి ఎడమపక్కగా విసరాలి, కుడివైపు నుంచి తిరిగొస్తుంది. విసరడం తొందరగానే వచ్చింది. పట్టడమే రాలేదు. దగ్గరికొచ్చే వేళకు కళ్లు మూసుకునేది.

"కళ్లు ముయ్యకు."

"తపన్ బాబు మొహం గురుతొత్తంది మావా."

నేర్పడం ఆపేసరికి ఆమె వేళ్లు వాచాయి. పట్టినవాటికన్నా వదిలేసినవే ఎక్కువ.

ఆదివారం మైదానం నిండింది. సున్నం గిరి చూస్తే మా వంటిల్లంత కూడా లేదు. కనుబొమ మీద పట్టీతో తపన్ అన్న పక్కనే నిలబడ్డాడు. గిరిలోకి దాలమ్మ నడిచింది. జనంలో ఎవరో ఈల వేశారు.

"మాట నీతో కదా రతన్ దా?" అన్నాడు నిఖిలేశ్ దా.

"దుకాణం ఇద్దరిదీ దాదా."

ఆయన తలూపాడు. నది వైపు నుంచి గాలి వస్తోంది, నిలకడ లేదు. దాలమ్మ గడ్డిపరక వదిలి చూసింది. ఇంకోటి వదిలింది. జనం గొణుగుతున్నా కదల్లేదు. గాలి సర్దుకున్నాక విసిరింది.

అది క్లబ్బు గోడ దాకా పోయింది. తిరగదు అనుకున్నాను. తిరిగింది. కుడివైపున జనం తలలు వంచారు. వాళ్ల మీదుగా చుట్టి, వేగం తగ్గించుకుంటూ దిగింది. కాస్త ఎక్కువ ఎత్తులో వస్తోంది. దాలమ్మ గిరి దాటలేదు. మునివేళ్ల మీద లేచి, కళ్లు తెరిచే, తల ఎత్తున రెండు చేతులూ చరిచింది. చప్పుడు నాకు వినిపించింది. చెక్క చేతుల మధ్య ఉంది.

మైదానం అరుపులతో నిండిపోయింది. నిఖిలేశ్ దా నవ్వుతూ వచ్చి నా సంచిలోంచి ఒకటి తీశాడు. "బౌది, ఇక నా వంతు," అని దాలమ్మను వదిన వరసలో పిలిచి గిరిలో నిలబడి చెయ్యెత్తాడు. కుడిచెయ్యి.

చెబితే, తపన్‌కి తగిలిన దెబ్బ నా సరుకు తప్పని నలుగురిలో ఒప్పుకున్నట్టే. గెలిచిన జాగా చేతులారా పోగొట్టుకోవడమే. చెప్పకపోతే అది గడ్డిలో పడి ఊరుకోవచ్చు. కొనేవాళ్లు అప్పుడే సంచి చుట్టూ మూగారు. నేను ఇంకా లాభనష్టాలు తూస్తూనే ఉన్నాను, దాలమ్మ వెళ్లి ఆయన మణికట్టు పట్టేసుకుంది.

"ఆ సేత్తో కాదు దాదా," అంది తనకొచ్చిన బెంగాలీలో. "ఇవన్నీ ఎడమసేతివి. మావోడు తిరగేసి గీసీసినాడు. ఆ దినం కూడా అందుకే తగిలింది."

అందరూ నావైపు తిరిగారు.

"నిజమేనా?" అన్నాడు నిఖిలేశ్ దా.

"నిజమే."

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్న తెలిసి, ఇప్పుడు నేను చెయ్యెత్తితే చూస్తూ నిలబడ్డావా?"

ఆయన చెక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. తరవాత తమ్ముడి వైపు చాచాడు. "దెబ్బ తగిలింది వాడికి. దొంతర సంగతి వాడే చెబుతాడు."

తపన్ చెక్క అందుకోలేదు. గిరి దగ్గరికి వచ్చి దాలమ్మ పక్కన నిలబడ్డాడు. "బౌది, ఇంకోసారి విసురు. ఈసారి నేను పడతా."

దాలమ్మ నన్ను చూసింది. ఈ విషయంలో నన్ను అడగాల్సింది ఏమీ లేదని ఆమెకే అనిపించినట్టుంది, చూపు తిప్పుకుంది. అతని చేతులు తన చేతులతో సర్ది, ఒక అరచెయ్యి పైన, ఒకటి కింద పెట్టించి, గాలి కోసం ఆగి విసిరింది.

అది చుట్టి వస్తుంటే తపన్ తల పైకెత్తాడు. పట్టీ కింద కన్ను సగమే తెరుచుకుంది. ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్లీ ముందుకొచ్చాడు. చేతులు చరిచాడు. చెక్క ఒక వైపు జారింది, రెండో వైపు వేళ్లకు చిక్కింది.

అతను దాన్ని చేతిలోనే ఉంచుకుని అన్న వైపు తిరిగాడు.

"దొంతర ఉండనీ," అన్నాడు అన్నతో. "సంచి మాత్రం క్లబ్బులో పెట్టి తాళం వెయ్. ఎవరికైనా కావాలంటే ముందు బౌది దగ్గర నేర్చుకోవాలి. నేర్చుకున్నాడని ఆమె చెబితేనే ఇవ్వాలి. రతన్ దా చెబితే కాదు."

సంచి నేనే మోసుకెళ్లి క్లబ్బు గదిలో పెట్టాను. బయటికొచ్చేసరికి దాలమ్మ చుట్టూ కుర్రకారు వరస కట్టారు. ఆమె ఒక్కొక్కడినీ ఏ చేత్తో తింటావని అడుగుతోంది.