చీపురుకు దొరికిన మాటలు

పొద్దున్నే ఆవిడ మొదటి పని మాటలు ఊడ్చుకోవడం. మొగుడికి వినబడని మాటలన్నీ ఆ ఇంట్లో నేల మీద పడి ఉండేవి. చొక్కా గుండీలంత, పల్చగా, బూడిద రంగులో. కాలు పడితే టప్పున పగిలి, లోపలున్న మాట ఒక్కసారి పలికి ఊరుకునేవి. మంచం పక్కన "నీళ్ళు కాగాయి". గుమ్మం దగ్గర "గొళ్ళెం పెట్టండి". "మిమ్మల్నే" మాత్రం ఇల్లంతా.

"ఇవాళ రెండు చేటలేనా వదినా? నిన్న పోట్లాడుకోలేదా ఏంటి?" అంది పక్కింటావిడ గోడ మీంచి.

"పోట్లాటకి ఇద్దరుండాలి కదమ్మా. నాకున్నది ఒక మొగుడూ ఒక గోడానూ. ఏది ఏదో తెలిసి చావట్లేదు."

ఈ ఇంటావిడ బట్టలు కుట్టే మనిషి. కుట్టు వెంట్రుకవాసి పక్కకి పోయినా విప్పి మళ్ళీ కుడుతుంది. తను కుట్టిన రవిక వదులైందని తోడికోడలు ఎప్పుడో ఒక మాటంటే, ఇప్పటిదాకా ఆ గడప తొక్కలేదు. అలాంటి మనిషి మాట రోజూ నేలపాలైతే ఒళ్ళు మండదూ?

మొగుడికి ఇనప బీరువాల షెడ్డులో పని. ఒక పక్క రేకు కోసే చక్రం, ఇంకో పక్క సుత్తి దెబ్బలు. సాయంత్రం రాగానే కుర్చీలో కూలబడి, "చెవి దిబ్బడేసిందే. అంతా గులిమి" అంటూ స్కూటర్ తాళం దూర్చేవాడు. అది చాలకపోతే అగ్గిపుల్లకి దూది. మరీ కసి పుడితే ఆవిడ కుట్టు డబ్బాలోంచి పిన్నీసు.

"లోపలికి తోస్తున్నారండీ, తియ్యడం లేదు! చెవిలో పొర చిరుగుతుంది!" అని ఆవిడ అరిచేది. అరిచినవన్నీ ఆయన ఒళ్ళో పడేవి. దారప్పోగులు దులిపినట్టు దులిపేసేవాడు.

చివరికి కూతురు ఆయన్ని చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. తన తరఫున నాలుగు చివాట్లు పడతాయి కదా అని ఆవిడా వెళ్ళింది.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "దానంతటది బయటికి వచ్చేదాన్ని మీరే లోపలికి దట్టించారు. పొర బాగుంది, బతికారు. చుక్కల మందు రాస్తాను, వారం పాటు వేసి నానబెట్టి రండి, నేను కడుగుతాను. ఈలోపు పుల్లా పుడకా ఏదీ పెట్టొద్దు." గట్టిగా చెప్పింది గనక ఆయనకి వినబడింది.

"గులిమేనని నేను ముందే చెప్పలా?" అన్నాడు గెలిచినవాడిలా.

"షెడ్డు నుంచి రాగానే దిబ్బడేసి, పొద్దున్నకి తగ్గుతుంది. అవునా?"

"అవును."

"గులిమి పొద్దున్నకి తగ్గదండీ. ఆ దిబ్బడ మోత వల్ల. మోత తినేసిన వినికిడిని నేను కడిగి ఇవ్వలేను. చక్రం దగ్గర చెవులకి మోత ఆపే డిప్పలు పెట్టుకోండి. ఇలాగే సాగితే కొన్నాళ్ళకి ఈవిడ మాట ఒక్కటీ మీకు అందదు."

"అంత అదృష్టమా!"

కూతురు నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

కూతురు ఆ దారిలోనే డిప్పలు కొనిచ్చింది. "ముసలాడు పాటలు వింటున్నాడని షెడ్డులో నవ్వుతారే" అని ఆయన వాటిని మేకుకి తగిలించాడు. మందు సీసా మూత తియ్యలేదు. సాయంత్రానికి మళ్ళీ స్కూటర్ తాళం.

ఆవిడ నోరు కట్టేసుకుంది. నీళ్ళు కాచేది, కాగాయని చెప్పేది కాదు. కంచం పెట్టేది, పిలిచేది కాదు. పంతం పట్టడం ఆవిడకి కొత్తా?

సంగతి ఆయన చెవికి తెలీలేదు. కాలికి తెలిసింది. పొద్దున లేచి అడుగేస్తే కింద ఏమీ పగల్లేదు. గుమ్మం దాకా నడిచాడు, నేల నున్నగా ఉంది. మంచం కిందికి వంగి చూశాడు.

"అప్పుడే ఊడ్చేశావా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. మర్నాడూ అంతే. ఇన్నాళ్ళూ అరికాళ్ళ కింద ఏదో ఒకటి నలుగుతుంటే, ఇంట్లో మనిషుందన్న ధీమాతో తిరిగాడు. ఇప్పుడు సొంత ఇంట్లో తడుముకుంటూ నడిచాడు.

పెరట్లోకి వెళ్తే పక్కింటావిడ గోడ మీంచి ఏదో అంది. అది ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఎప్పుడూ లేనిది, వంగి తీసి, చెవికి ఆనించి నలిపాడు.

"ఇంట్లో ఎవరూ లేరా అన్నయ్యా?"

ఆయన తిన్నగా లోపలికి వెళ్ళి మందు సీసా మూత తీశాడు. డిప్పలు పెట్టుకునే పనిలోకి దిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు డిప్పల్లోకి దూరలేదు. వారం పోయాక ఒక్కడే వెళ్ళి కడిగించుకుని వచ్చి, కుట్టు మిషను ముందు నిలబడ్డాడు.

"అయింది. ఏదైనా అను."

మిషను నడుస్తూనే ఉంది.

"తిట్టయినా తిట్టవే."

మిషను ఆగింది. "తిట్టకేం చేస్తాను? ఇన్నేళ్ళు నా గొంతు అరగదీసి, నా మాటలు నా చేతే ఊడిపించి, ఇప్పుడొచ్చి అను అంటే అనెయ్యాలా? నేనేం రేడియోనా? కడిగించుకున్నాడట, పెద్ద ఘనకార్యం!"

ఇద్దరూ ఒకేసారి నేల చూశారు. దాదాపు అన్నీ అందాయి. సన్నటి మాటలు కొన్ని మాత్రం రాలి ఉన్నాయి. మోత తినేసిన మేర అది.

"ఏం పడ్డాయే?" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు.

"నన్నడుగుతారేం? నడుం లేదూ? వంగి ఏరుకోండి."

ఆయన మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కోటీ తీసి చెవికి ఆనించి, నలిపి, విని, తలాడిస్తున్నాడు. ఆవిడకి ఇంకా చాలా ఉంది అనడానికి. అయినా ఆఖరిది ఆయన చేతికొచ్చేదాకా, విసుగ్గానే, నోట్లో మాట నోట్లోనే ఆపుకుని కూర్చుంది.