మంగ వేలిముద్రలు

"మంగకి షెంగెన్ వేయించాలి" అని హాల్లో నవత మొగుడితో అన్న మాట, వంటింట్లోకి వచ్చేసరికి "మంగా, శెనగలు వేయించాలి" అయిపోయింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులో మాటలకి తలా తోకా మిగలవు. మంగ శెనగలు దోరగా వేయించి, ఉప్పూ కారం జల్లి, గిన్నెలో పట్టుకెళ్లింది. వెంకట్రావు గిన్నెనీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, సోఫా అదిరేలా నవ్వాడు.

"శెనగలు కాదే, షెంగెన్! ఇటలీ వీసా! నిన్నూ తీసుకెళ్తున్నాం."

నవత నవ్వింది. మంగ కూడా నవ్వింది. బర్ దుబాయ్‌లోని ఆ ఫ్లాట్‌లో వాళ్లు నవ్వినప్పుడు నవ్వడం కూడా పనిలో భాగమే. దానికి వేరే జీతం లేదు.

నవత ఫోన్లో ఊరు చూపించింది. కొండమీద ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నట్టు పాతకాలం రాతి ఇళ్లు, కార్లు దూరని సందులు, వెనకాల చెస్ట్‌నట్ అడవి. "దీన్ని స్లో టూరిజం అంటారు మంగా. పరుగులుండవు. ఒకే ఊళ్లో ఇల్లు తీసుకుని ఆ ఊరివాళ్లలా బతకడం. సంతకెళ్లి కూరలు కొనుక్కోవడం, వండుకోవడం, అడవిలో నడవడం."

వాళ్లు నిదానంగా ఉండాలంటే ఎవరో ఒకరు పరిగెత్తాలిగా అనుకుంది మంగ. ఇంకో ఫోటోలో ఓ ముసలమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు!" అంది నవత. మంగకి ప్రశాంతత కనబడలేదు, ఇంకా ఒలవాల్సిన బుట్ట కనబడింది. ఆఖరి ఫోటో వంటిల్లు. రాతి సింకు. డిష్‌వాషర్ లేదు. తనకి వీసా ఎందుకో అప్పుడు తెలిసింది.

"మరి నా సెలవండీ?"

రెండేళ్లకోసారి ఊరెళ్లే సెలవు. కూతురు శ్రీదుర్గకి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి, తల్లి లేని పుట్టింటి తాళం తనే తీసుకుని, ఒక్కత్తీ కూర్చుని ఎదురుచూస్తోంది.

"ఇదేగా నీ సెలవు!" అన్నాడు వెంకట్రావు, బహుమతి ప్రకటించినట్టు. "ఊరికి ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఊరికే ఇటలీ ఎవరికొస్తుందే?"

"పురుళ్లకి ఆస్పత్రులున్నాయి కదా" అంది నవత. నవత పురిటికి వాళ్లమ్మ వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్లిందని ఆ ఇంటి గోడలకి కూడా తెలుసు.

వీసా సెంటర్లో వేలిముద్రల యంత్రం మంగని ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టినా, నాలుగు వేళ్లూ కలిపి పెట్టినా ఎర్రలైటే. కౌంటర్లో ఉన్న హైదరాబాదీ ముబారక్ ఆమె వేళ్లు తిప్పి చూశాడు. గీతల్లేవు. బ్లీచూ, తీగపీచూ, వేణ్ణీళ్లూ కలిసి ఎప్పుడో చెరిపేశాయి.

"వారం దినాలు నీళ్లల్ల చేతులు పెట్టనియ్యకుర్రి మేడం. కిరీం రాస్తే గీతలు మల్ల తేల్తయ్."

మంగని ఇటలీ తీసుకెళ్లేది గిన్నెలు తోమడానికి. తీసుకెళ్లాలంటే మంగ గిన్నెలు తోమకూడదు.

ఆ వారం నవతే తోమింది. వెంకట్రావుకి సింకు చూసినప్పుడల్లా నడుం పట్టేసేది. నోరు మాత్రం పట్టెయ్యలేదు. "మంగైతే కుక్కర్ని అద్దంలా తోముతుంది" అని పెళ్లానికి మార్కులేశాడు. నాలుగు రోజులకే నవత అరచేతులు కందిపోయాయి. ఒక్క క్షణం తన చేతులవంకా, మంగ చేతులవంకా చూసింది. ఏదో అంటుందనుకుంది మంగ.

"ఇంకెప్పుడే నీ వేళ్లు మొలిచేది?" అంది.

ఇన్నేళ్లూ ఆ వేళ్లకి గిన్నె తగిలింది, గుడ్డ తగిలింది, గచ్చు తగిలింది. ఏదీ తగిలినట్టు తెలియలేదు. వారం చివర్లో బుగ్గమీద చెయ్యి వేసుకుంటే సన్నటి ఇసకలా, గరుగ్గా, తన వేలు తనకి తగిలింది. పసిబిడ్డ మాడుకి నూనె అద్దాల్సిన వేళ్లు. తన బతుకులో అందరూ వేలు పెట్టారు. ఈ వేలు ఎక్కడ పెట్టాలో మాత్రం తనే తేల్చుకోవాలి అనుకుంది.

ఎవరి పాస్‌పోర్టు వాళ్లే కౌంటర్లో ఇవ్వాలన్నారు కాబట్టి, రెండోసారి వెళ్లినప్పుడు ఇన్నాళ్లూ తన దగ్గరే ఉంచుకున్న మంగ పాస్‌పోర్టుని నవత బ్యాగులోంచి తీసి ఆమె చేతిలో పెట్టింది. గాజు పలకమీద పచ్చలైటు వెలుగుతోంది. "పెట్టమ్మా" అన్నాడు ముబారక్. మంగ చెయ్యి గాజు దాకా వెళ్లి పిడికిలైంది.

"పెట్టనండి."

"ఏంటే?" అంది నవత.

"ఇటలీ రానండి. నా సెలవు నాకు కావాలండి. నా కూతురికి పురుడు పొయ్యాలి."

లైన్లో ఉన్నవాళ్లంతా తలలెత్తారు. నవత పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపింది. మంగ దాన్ని జాకెట్లో దోపుకుంది.

"వారమంతా నీ చాకిరీ నేను చేశానే! యల్లా, త్వరగా వేళ్లు పెట్టు! లేకపోతే నీ దుబాయ్ వీసా క్యాన్సిల్ చేయించి నిన్ను ఇంటికి పంపించేస్తా!"

పని పోతుంది. మళ్లీ దుబాయ్ మొహం చూడనిస్తారో లేదో. మంగ జాకెట్లోని పాస్‌పోర్టుని అరచేత్తో అదిమి పట్టుకుంది.

"ఎన్నో తారీకుకండీ? శ్రీదుర్గకి చెప్పాలి."